పంపుతో వైన్ ఒక జాడీలోంచి ఇంకో జాడీలోకి లాగుతుంటే నురగంతా పంపులోకి పోయింది, తప్పెక్కడ జరిగింది?

కొత్త బిరడా
నిన్న రాత్రి సంగతి చెప్తాను, నవ్వుకుంటే నవ్వుకోండి కానీ జవాబు మాత్రం చెప్పండి. 23 లీటర్ల గాజు జాడీలో ద్రాక్ష వైన్, పొంగు ఆగి వారం దాటింది, అడుగున రెండు వేళ్ల మందం మడ్డి. ఇన్నాళ్లూ మామూలు సైఫన్ గొట్టంతోనే తేట తీసేవాణ్ణి. కాకపోతే దానికోసం నిండు జాడీని బల్ల మీదికి ఎత్తాలి, గాజు బరువుతో కలిపి 30 కిలోలు దాకా ఉంటుంది, ఎత్తిన కుదుపుకి అడుక్కి చేరిన మడ్డి కాస్తా మళ్లీ పైకి లేస్తుంది, ఇక దిగేదాకా రెండు రోజులు ఆగాలి. వాక్యూమ్ పంపు ఉంటే రెండు జాడీలూ నేల మీదే ఉంచి లాగొచ్చని విని, ఏసీలు రిపేరు చేసే స్నేహితుడి దగ్గర పంపు అడిగి తెచ్చాను. ఖాళీ జాడీకి రెండు కన్నాల రబ్బరు బిరడా పెట్టి, ఒక కన్నంలోంచి వైన్ గొట్టం, రెండో కన్నంలోంచి పంపు గొట్టం. స్విచ్ వేశాను. మొదటి అర నిమిషం అద్భుతం. తర్వాత జాడీలో వైన్ కన్నా నురగ ఎక్కువైంది, నేను చూస్తుండగానే మెడ దాకా వచ్చి పంపు గొట్టంలోకి ఎక్కేసింది. కంగారులో ప్లగ్ పీకేశాను. పంపులో ఆయిల్ ఇప్పుడు పాలు కలిపిన కాఫీలా ఉంది. స్నేహితుడికి ఇంకా చెప్పలేదు.

మడ్డి మామ
నాలుగు ప్రశ్నలు. గేజీ ఎంత చూపించింది? పంపుకీ జాడీకీ మధ్య, నురగ పంపులోకి పోకుండా పట్టే ఖాళీ సీసా ఏమైనా పెట్టావా? నిండు జాడీ మూతికి ఏముంది? ప్లగ్ పీకే ముందు జాడీలోకి గాలి వదిలావా లేదా?

కొత్త బిరడా
గేజీ 27 దగ్గర ఉంది మామా, పాదరసం అంగుళాల లెక్క. మధ్యలో సీసా ఏమీ లేదు, అవసరమని తెలీదు. నిండు జాడీకి, గ్యాసుని బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని నీళ్లు పోసిన మూత ఉంటుందే, ఆ ఎయిర్‌లాక్ అలాగే ఉంచాను, రెండో కన్నంలోంచి వైన్ గొట్టం దింపాను, ఎయిర్‌లాక్‌లో నీళ్లు తర్వాత చూస్తే లేవు. గాలి వదల్లేదు, నేరుగా ప్లగ్ పీకేశాను.

మడ్డి మామ
ఎయిర్‌లాక్ నీళ్లు ఎక్కడికి పోతాయి, నీ వైన్‌లోకే. లాగేటప్పుడు నిండు జాడీలోకి గాలి రావాలి కదా, అది నీళ్లను తోసుకుంటూ లోపలికి వచ్చింది. గుక్కెడు నీళ్లే, పర్లేదు, ఈసారి ఎయిర్‌లాక్ తీసేసి మూతికి శుభ్రమైన గుడ్డ కప్పు.
భయమల్లా నాలుగోదాని గురించి. లోపల వాక్యూమ్ ఉండగా పంపు ఆపేస్తే జాడీ పంపువైపు నుంచి వెనక్కి పీల్చుకుంటుంది. ఆయిల్ పంపు అయితే ఆయిల్ కూడా రావచ్చు. జాడీని వెలుతురులో పెట్టి పైన చూడు, రంగులు రంగులుగా మెరిసే పొర ఉందేమో.

కొత్త బిరడా
ఉంది.

మడ్డి మామ
అయితే ఆ జాడీలోకి వచ్చింది పారబొయ్యి నాయనా, ఆలోచించకు. అది యంత్రాల నూనె, తాగే వస్తువులో ఉండకూడదు. జాడీని వేడి నీళ్లు, డిటర్జెంట్‌తో ఒకటికి రెండుసార్లు కడుగు. గొట్టాలు మాత్రం కడగడానికి చూడకు, పారేయ్, కొత్తవి కొనుక్కో.

కొత్త బిరడా
వచ్చింది 4 లీటర్లే, మిగతా 19 పాత జాడీలోనే భద్రంగా ఉన్నాయి. పారబోశాను. ఏడుపొచ్చింది.

గేజీ గోపన్న
ఇక్కడ అందరూ చేసే తప్పే నువ్వూ చేశావు తమ్ముడూ: పంపు ఎంత గట్టిగా లాగితే అంత మంచిదనుకోవడం. లెక్క చూడు. నీటిని మీటరు ఎత్తుకు లాగాలంటే గేజీ మీద దాదాపు 3 అంగుళాల పాదరసం చాలు. వైన్ బరువు కూడా ఇంచుమించు నీళ్లంతే. రెండు జాడీలూ నేల మీదే ఉంటే గొట్టం ఎక్కే ఎత్తు ముప్పావు మీటరు కూడా ఉండదు. అంటే కదలడానికి 2 అంగుళాల పైచిలుకు, చురుగ్గా పారడానికి 5 నుంచి 8 వేసుకో. నువ్వు 27 పెట్టావు. మొత్తం గాలి ఒత్తిడే 29.92.
ఇక నురగ ఎందుకొచ్చిందో చెప్తాను. పొంగు ఆగిన కొత్తలో వైన్‌లో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, లీటరుకి గ్రామున్నర దాకా. 23 లీటర్లలోది మొత్తం బయటికి తీస్తే మామూలు గాలి ఒత్తిడిలోనే 18 లీటర్ల వాయువు. నువ్వు పెట్టిన వాక్యూమ్‌లో అది పది రెట్లు ఉబ్బుతుంది. సోడా సీసా ఊపి మూత తీసినట్టే, కాకపోతే ఇక్కడ మూత తీసింది పంపు. నెమ్మదిగా లాగితే ఇదే గుణం లాభం కూడా, ఒకటి రెండుసార్లు మార్చేసరికి గ్యాసు చాలావరకు పోతుంది, కర్రతో గంటలు గంటలు గిలకొట్టే పని తప్పుతుంది.
ఇంకోటి, ఇది నవ్వే విషయం కాదు. 27 అంటే గాజు మీద ప్రతి చదరపు సెంటీమీటరుకీ 900 గ్రాములకు పైగా ఒత్తిడి. నీ జాడీ సైజుకి పైతలం 5000 చదరపు సెంటీమీటర్లు అనుకో, నాలుగున్నర టన్నులు. 5 అంగుళాల దగ్గర అదే టన్ను లోపు. గుండ్రటి జాడీ కాబట్టి తట్టుకుంది. ఎక్కడో కంటికి కనబడని గీత ఉండి ఉంటే నువ్వీపాటికి ఇక్కడ రాస్తూ ఉండేవాడివి కాదు.

నడుం పట్టేసింది
గోపన్న చెప్పింది చెవికి ఎక్కించుకోండి. నాకు పలక జాడీ ఒకటి ఉండేది, నాలుగు మూలలది, చిన్నదే, 4 లీటర్లు. ఇంత చిన్నదానికి ఏమవుతుందిలే అని దానికే పంపు తగిలించాను. టప్ మని ఒక్క చప్పుడు, పలక మధ్యలోంచి లోపలికి పగిలింది. మీద తువ్వాలు కప్పి ఉంది కాబట్టి ముక్కలు ఎగరలేదు. బల్లపరుపు గోడ ఉన్నది ఏదీ వాక్యూమ్‌కి పనికిరాదు. ప్లాస్టిక్ జాడీ అయితే పగలదు, నలిగి ముద్దవుతుంది, అదీ చూశాను. ఇప్పుడు ప్రతిసారీ టార్చ్ వేసి గాజంతా తడిమి చూస్తాను, కళ్లద్దాలు పెట్టుకుంటాను, ఖాళీ జాడీకి పాత దుప్పటి చుట్టేస్తాను. ఇంట్లోవాళ్లు దానికి జ్వరమొచ్చిందా అంటారు.
నా దగ్గర ఉన్నది ఆస్పత్రుల్లో కఫం లాగే సక్షన్ మిషన్, ఆయిల్ లేని రకం. దానికే గేజీ, తిప్పే నాబ్, నిండితే ఆగిపోయే సీసా అన్నీ ఉంటాయి. వాడినది కాకుండా కొత్తది తీసుకోండి, కారణం చెప్పక్కర్లేదనుకుంటా.

కొత్త బిరడా
నాబ్ లేని పంపుకి 5 దగ్గర ఎలా నిలబెట్టడం?

గేజీ గోపన్న
పంపు గొట్టంలో ఒక టీ ముక్క (ఇంగ్లీషు T అక్షరంలా మూడు మూతులున్నది) పెట్టి మూడో మూతిని ఖాళీగా వదిలెయ్, దాని మీద బొటనవేలు. వేలు నొక్కితే లాగుతుంది, కొంచెం ఎత్తితే తగ్గుతుంది, పూర్తిగా తీస్తే ఆగుతుంది. చిన్న వాల్వు పెట్టుకుంటే వేలికి విశ్రాంతి, కానీ మొదట్లో వేలే మంచిది, నురగ లేచిందంటే చెయ్యి తనంతట అదే వెనక్కి వస్తుంది. టీ ముక్క జాడీకీ మధ్య సీసాకీ నడుమ ఉండాలి. మధ్య సీసా కూడా మందపాటి గుండ్రటి గాజే అయ్యుండాలి, దానిమీదా అదే ఒత్తిడి. ఇక గొట్టాలు మందం గోడవి తీసుకో, పల్చటివి పీల్పుకి నొక్కుకుపోతాయి.

సైఫన్ చాలదా
ఇంత గోల దేనికండీ? నిండు జాడీని మొదటి రోజే ఎత్తు పీట మీద పెట్టి అక్కడే పులియబెడితే ఎత్తే పనే లేదు, నేను ఎన్నో ఏళ్లుగా అదే చేస్తున్నాను. కరెంటు లేదు, పగలడం లేదు. పైగా వాక్యూమ్‌తో వైన్‌లోకి గాలి ఎక్కువ తగులుతుందని నా అనుమానం, ఒకాయన పంపుతో లాగినది తాగాను, రంగు గోధుమకి తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వచ్చింది.

మడ్డి మామ
మీ పీట పద్ధతి ఒక జాడీకి బంగారం. మడ్డి తేరడానికి మూడు నాలుగు సార్లు మార్చాల్సి వస్తే ప్రతిసారీ కింది జాడీ పైకి ఎక్కాల్సిందే కదా.
గాలి మాట నిజమే, కానీ ఆ తప్పు వాక్యూమ్‌ది కాదు, లీకుది. సరిగ్గా చూస్తే పంపు పెట్టిన జాడీలో గాలి మామూలు కన్నా పల్చగానే ఉంటుంది. సైఫన్‌లో కీలు వదులైతే ఎక్కువగా ధార తెగి ఆగిపోతుంది, మనకి తెలిసిపోతుంది. ఇక్కడ వైన్ గొట్టంలో ఎక్కడ సందున్నా పంపు గాలిని పీల్చి వైన్‌లోనే కలిపేస్తుంది, ధార మాత్రం ఆగదు. ఆయన గొట్టంలో బుడగలు వరసగా పరిగెడుతుండి ఉంటాయి, గ్యాసు అనుకుని వదిలేసి ఉంటాడు. తేడా ఎలా అంటే, ముందు మామూలు నీళ్లతో లాగి చూడండి. నీళ్లలోనూ ఎడతెగకుండా బుడగలు వస్తుంటే ఎక్కడో కీలు వదులు. నాకు ఎప్పుడూ వైన్‌లోకి దింపే బోలు గాజు కడ్డీకి గొట్టం తొడిగే చోటే దొరికేది.
పనయ్యాక సల్ఫైట్ (వైన్ పాడవకుండా వేసేది) చూసుకోండి, వాక్యూమ్‌కి గ్యాసుతో పాటు అదీ కొంత పోతుంది. అసలే వేసి ఉండకపోతే 23 లీటర్లకి 2 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ అంటే 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) వస్తుంది. ముందే ఉంటే కొలిచి తగ్గినంతే వేయండి, కళ్లు మూసుకుని వేస్తే అగ్గిపుల్ల గీసిన వాసన.

సైఫన్ చాలదా
బుడగల సంగతి ఒప్పుకుంటాను. పీట మాత్రం దిగను.

గుటుక్కుమంది
ఒక్క మాట. బిరడా సైజు చూసుకోండి. నాది కొంచెం చిన్నది, పైగా తడిగా ఉంది. పంపు ఆన్ చేశాక బిరడా, రెండు గొట్టాలు, అన్నీ కలిపి జాడీ మింగేసింది. బయటికి తీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. బిరడాలో మూడో వంతుకు మించి మెడలోకి దిగితే పెద్ద సైజు కొనండి.

కొత్త బిరడా
ఆదివారం మళ్లీ చేశాను, ఆయిల్ పంపు కాదు, చేత్తో పిండే వాక్యూమ్ పంపు, బండి బ్రేకుల్లో గాలి తీయడానికి వాడతారే అది, కొత్తది. జాడీకి దుప్పటి, మధ్యలో సీసా, ముందు నీళ్లతో పరీక్ష. మామ చెప్పినట్టే గాజు కడ్డీ దగ్గర బుడగలు, క్లిప్పు బిగిస్తే ఆగాయి. తర్వాత వైన్, గేజీ 5 దాటనివ్వలేదు. చెయ్యి నొప్పెట్టింది, 19 లీటర్లకి అరగంట పైనే పట్టింది, నురగ నాలుగు వేళ్ల ఎత్తు వచ్చి అక్కడే ఆగింది. గొట్టం కొనని మడ్డికి రెండు అంగుళాల పైనే కట్టేశాను, ఒక్క రేణువు రాలేదు.
ఒక్కటే వింత. అంతా అయ్యాక పంపు తీసేసి బిరడా వదులు చేస్తే, కొత్త జాడీలోంచి వైన్ తిరిగి పాత జాడీలోకి పారడం మొదలైంది! ఒక అర లీటరు పోయింది.

గేజీ గోపన్న
అదే సైఫన్. కొత్త జాడీలో గొట్టం అడుగు దాకా ముంచి ఉంచావు, పాత జాడీలో మట్టం కిందికి దిగింది, గాలి వదలగానే వైన్ పల్లానికి పారింది. పాత జాడీలో తేట ఇంకో రెండు వేళ్లు ఉందనగా గొట్టాన్ని క్లిప్పుతో నొక్కెయ్, అప్పుడు గాలి వదులు, ఆ తర్వాతే పంపు, బిరడా. ఆ రెండు వేళ్ల కోసం ఆశపడి చివరిదాకా లాగావంటే గొట్టం ఒక్కసారిగా గాలి మింగి, అది కొత్త జాడీ అడుగునుంచి కుతకుతమని బుడగలై లేస్తుంది, ఇంతసేపూ కాపాడిందంతా పోతుంది. ఇంతకీ పైన ఖాళీ ఎంత మిగిలింది?

కొత్త బిరడా
పారబోసిన 4 లీటర్ల మేర ఖాళీయే అన్నా.

మడ్డి మామ
అంత గాలి పైన పెట్టుకుని ఒక్క వారం కూడా ఉంచకు. చిన్న జాడీల్లోకి సర్దు, మెడ దాకా నింపు, మిగిలింది సీసాలో పోసి ముందు అది తాగెయ్. స్నేహితుడికి పంపు సంగతి చెప్పావా?

కొత్త బిరడా
ఆయిల్ మార్చి ఇచ్చాను మామా, మూడుసార్లు మారిస్తే గానీ తెల్లదనం పోలేదు. వాసన చూసి "ఇందులో ఏం లాగావురా" అన్నాడు. ఆ మిగిలిన సీసా వాడికే ఇస్తున్నా.