రెండు మందులూ విడివిడిగా పనిచేస్తున్నప్పుడు, కలిపి మళ్లీ పరీక్షించడం ఎందుకు?

ప్రశ్న
మా పెదనాన్నగారికి మూత్రపిండంలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. నివోలుమాబ్ ఇంజెక్షన్, కాబోజాంటినిబ్ మాత్రలు కలిపి ఇస్తామని డాక్టరుగారు చెప్పారు. రెండూ అప్పటికే ఆమోదం పొందిన మందులే కదా, కలపడానికి మళ్లీ వందలమందిపై పరీక్ష ఎందుకు జరపవలసి వచ్చింది? రెండింటివల్ల మేలు కలిగితే, మూడు కలిపితే ఇంకా మేలు కాదా?

జవాబు (ఫార్మకాలజీ బోధకురాలు)
విడివిడిగా శరీరం ఓర్చుకునే మందులు కలిసినప్పుడు ఏం చేస్తాయో కాగితం మీద తేలదండీ. సునిటినిబ్, బెవాసిజుమాబ్ రెండూ కణితికి రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునేవే అయినా, వాటిని ఎక్కువ మోతాదులో కలిపి ఇచ్చిన తొలిదశ పరీక్షలో కొందరికి సన్నని రక్తనాళాల్లో ఎర్రకణాలు చిట్లిపోయాయి. రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి పురికొల్పే నివోలుమాబ్‌కు, సునిటినిబ్ కోవకే చెందిన పజోపానిబ్‌ను జతచేసినప్పుడు కాలేయం దెబ్బతినడంతో ఆ ప్రయత్నాన్ని ఆపేశారు. అదే కోవకు చెందిన కాబోజాంటినిబ్‌తో మాత్రం పొత్తు కుదిరింది. అదీ విడిగా ఇచ్చే 60 మిల్లీగ్రాములకు బదులు 40 మిల్లీగ్రాములతో. 651 మంది పాల్గొన్న చెక్‌మేట్ 9ఈఆర్ అనే పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం (సగంమంది దాటిన కాలం) ఈ జోడీతో 16.6 నెలలు, సునిటినిబ్‌తో 8.3 నెలలు.

జవాబు (క్లినికల్ ట్రయల్స్ గణాంకాలు చూసే ఉద్యోగి)
మూడో మందు సంగతి కాస్మిక్-313 అనే పరీక్షలో తేలింది. 855 మందికీ నివోలుమాబ్, దానిలాగే రోగనిరోధక శక్తిని పురికొల్పే ఇపిలిముమాబ్ ఇచ్చి, ఒక వర్గానికి కాబోజాంటినిబ్‌ను, మరో వర్గానికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రను చేర్చారు. మొదట చేరిన 550 మందిలో, ఏడాది తర్వాత వ్యాధి ముదరనివారు మూడు మందుల వర్గంలో 57 శాతం, ఉత్తుత్తి మాత్ర వర్గంలో 49 శాతంగా అంచనాకు వచ్చారు. కానీ తీవ్రమైన దుష్ప్రభావాలు మొదటి వర్గంలో 79 శాతం మందిలో కనిపించాయి, రెండో వర్గంలో 56 శాతమే. ఆయుష్షు మాత్రం పెరగలేదు. పాత మందైన సునిటినిబ్‌తో కాక, వాడుకలో ఉన్న జోడీతోనే పోల్చడంవల్ల ఈ పరీక్షను నేను ఎక్కువగా నమ్ముతాను. అన్నట్టు, వేర్వేరు పరీక్షల్లోని నెలలను పక్కపక్కన పెట్టి ఏ జోడీ గొప్పదో తేల్చకండి. వాటిలో చేరిన రోగుల పరిస్థితులు ఒకటి కావు.

జవాబు (ఆంకాలజీ విభాగంలో పనిచేస్తున్న వైద్యుడు)
వరుస కూడా ముఖ్యమే. ఇమ్యునోథెరపీ (నివోలుమాబ్ వంటి మందులతో చికిత్స) తీసుకున్నాక వ్యాధి ముదిరిన 522 మందితో జరిపిన కాంటాక్ట్-03 పరీక్షలో, కాబోజాంటినిబ్‌కు మళ్లీ అదే కోవకు చెందిన అటెజోలిజుమాబ్‌ను చేర్చినా ప్రయోజనం కలగలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. అందుకే మీ పెదనాన్నగారికి ఇదే మొదటి చికిత్సా అన్నదీ, హిమోగ్లోబిన్, కాల్షియం వంటివి చూసి వ్యాధి ముప్పు ఎంతో నిర్ణయించే ఐఎండీసీ వర్గాల్లో ఆయన ఎందులోకి వస్తారన్నదీ డాక్టరుగారిని అడగండి.