అప్‌డేట్: గరారాకు 3 మీటర్లు సరిపోయింది

నడుము నుంచి చీలమండ దాకా 38 అంగుళాలు, గుడ్డ పన్నా 44. గరారాకు (మోకాలి దాకా మామూలుగా ఉండి, అక్కడి నుంచి కుచ్చులతో విచ్చుకునే పైజామా) ఎంత గుడ్డ కొనాలని ఇంతకుముందు అడిగాను కదా. రెండున్నర మీటర్ల నుంచి ఐదు దాకా చెప్పారు. నిజానికి తేడా అంతా కుచ్చుల్లోనే ఉంది.

పైభాగంతో పేచీ లేదు. మోకాలి దాకా 20, నాడా మడతకూ కుట్టుకూ 3. నా తుంటి కొలతకు ఒక్కో కాలికి సగం పన్నా చాలదు కాబట్టి రెండు నిడివులు: 46 అంగుళాలు.

కిందిభాగానికి మోకాలి చుట్టుకొలత 22, మూడు రెట్లు కుచ్చు అంటే 66. అంటే కాలికి ఒకటిన్నర పన్నా. మోకాలి కింద మిగిలిన 18కి కుట్టూ మడతా కలిపి 21 అంగుళాల పట్టీలు మూడు కోసి, మూడోదాన్ని మధ్యకు చీల్చి చెరో కాలికి అతికాను. అతుకు కుచ్చుల్లో కలిసిపోయింది. ఇవి 63. మొత్తం 109 అంగుళాలు, 2.8 మీటర్ల లోపే. నూలు గుడ్డ తడిపితే కుంచించుకుపోతుంది కాబట్టి 3 తీసుకున్నాను. నాలుగు రెట్ల కుచ్చు కావాలంటే పట్టీలు నాలుగు, గుడ్డ మూడున్నర మీటర్లు.

పట్టీలను పొడవునా కోస్తే అతుకే రాదని ఒకరు అన్నారు. సాదా గుడ్డకైతే మంచి ఉపాయం. నా గుడ్డ మీద పువ్వులన్నీ నిలబడి ఉన్నాయి, అలా కోస్తే పక్కకు పడుకునేవి!

మోకాలి అతుకు మీద గోటాకు (మెరిసే జరీ పట్టీ) మీటరుంబావు పట్టింది. కింది అంచుకు కూడా వేస్తే మరో మూడున్నర మీటర్లు కావాలి, నేను వేయలేదు.