అప్‌డేట్: నాయినకు యూరిక్ యాసిడ్ తగ్గింది, పప్పు మాత్రం మానలేదు

నాయినకు యూరిక్ యాసిడ్ 8.9 వచ్చింది, కాలి బొటనవేలు వాచి చెప్పు కూడా తొడగలేకపోతున్నాడు, పప్పు, పాలకూర, టమాట అన్నీ మాన్పించాలా అని మిమ్మల్ని అడిగాను. జవాబిచ్చిన అందరికీ దండాలు. ఇప్పుడు 6.7కి దిగింది, వాపు లేదు.

నల్లగొండలో చూపించాం. పప్పులో, పాలకూరలో ప్యూరిన్లు (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాలు) ఉన్నా వాటివల్ల గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు) ముదరదని డాక్టరు తేల్చి చెప్పారు. మానాల్సినవి బోటి, కార్జం, ఎండు చేపలు, బీరు, కూల్‌డ్రింకులు. మటన్ ఎప్పుడన్నా కొంచెం. కల్లు కూడా మద్యం కిందికే వస్తుంది. మా ఊళ్లో ఈత కల్లును ఆరోగ్యమని నమ్ముతారు కాబట్టి, దాన్ని మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఇప్పుడు రాత్రికి జొన్నరొట్టె, సోరకాయ కూర, పెద్ద గ్లాసుడు వెన్న తీసిన సల్ల. పొలానికి పోతే నీళ్ల బాటిల్‌కు తడిగుడ్డ చుట్టి తీసుకుపోతాడు. మొన్న దావత్‌లో బోటి వడ్డించబోతే ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టి, పప్పుచారు పోయించుకున్నాడు. చూసి నాకు ఎంత సంతోషమైందో!

తిండితో తగ్గేది కొంతే, ఎక్కువ తగ్గింది డాక్టరు రాసిన గోలీతోనే. 6 లోపు రావాలట. అందుకే డాక్టరును అడగకుండా గోలీ ఆపకండి. శనివారం ఒక్కపొద్దు కూడా వద్దన్నారు, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే యూరిక్ యాసిడ్ పెరుగుతుందట. అమ్మను ఒప్పించే పని ఇంకా మిగిలే ఉంది.