పోటీ మధ్యలో పీప్ సైట్ తిప్పవచ్చా, తిప్పకూడదా?

వరంగల్ నాన్న:
మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పీప్ సైట్ (వెనుక ఉండే చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టే సైట్) విభాగంలో పోటీలకు సిద్ధమవుతోంది. సైటర్ల సమయంలో, అంటే పోటీకి ముందు సైట్ సరిచూసుకోవడానికి కాల్చే, స్కోరులోకి రాని షాట్లలో, పెల్లెట్లు చక్కగా పది పాయింట్ల వలయంలోనే పడుతున్నాయి. అసలు పోటీ మొదలై ఇరవై షాట్లు దాటేసరికి మాత్రం, గ్రూప్ (షాట్ల గుంపు) చెదరకుండానే మొత్తంగా కుడివైపు తొమ్మిదిలోకి జరిగిపోతోంది. వెంటనే సైట్ నాబ్‌ను రెండు క్లిక్‌లు, అంటే రెండు మెట్లు, తిప్పమని ఒక కోచ్ చెబుతున్నారు. పోటీ మొదలయ్యాక సైట్ మీద చేయి వేయడమే తప్పని ఇంకొకరు అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవారే కాబట్టి ఎవరి మాట వినాలో నాకు పాలుపోవడం లేదు. ఈ విషయం తెలిసినవారు కారణాలతో సహా చెప్పగలరని మనవి.

పాత కేడెట్:
రెండో కోచ్ గారి మాటే సరైనది. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్‌తో గ్రూపింగ్ నేర్పేటప్పుడు, ఐదు గుళ్ళూ కాల్చి, వాటి నడిమి బిందువు, అంటే ఎంపీఐ, ఎక్కడ ఉందో గుర్తించేదాకా సైట్ ఊసే ఎత్తనిచ్చేవారు కాదు. మీరు చెప్పిన లక్షణం చూస్తే సైట్ కదిలినట్టుగా లేదు, అమ్మాయి నిలబడే తీరు కదిలినట్టుగా ఉంది. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది. ఇరవై షాట్లయ్యాక నడుము అలసి, పాదాల మీద బరువు ఒక పక్కకు మారితే, రైఫిల్ తనంతట తాను లక్ష్యానికి కాస్త పక్కగా నిలుస్తుంది. షూటర్ తనకు తెలియకుండానే కండ బిగించి దాన్ని మధ్యకు లాగి ఉంచుతారు, ట్రిగ్గర్ నొక్కిన క్షణాన ఆ బిగువు సడలి రైఫిల్ మళ్ళీ పక్కకు పోతుంది. ఇలాంటి లోపాన్ని క్లిక్‌తో కప్పిపుచ్చితే, తరువాతి విరామంలో ఆమె నిలుపు సరిచేసుకోగానే షాట్లు ఎడమవైపు తొమ్మిదిలో పడతాయి.

లెక్కల మాస్టారు:
కేడెట్ గారు చెప్పిన కారణం నిజమే కావచ్చు, కాని "అసలు ముట్టుకోవద్దు" అనే నియమం దాని నుంచి రాదు. ముందు కొలతలు చూద్దాం. ఈ లక్ష్యంలో పదో వలయం వ్యాసం 0.5 మిల్లీమీటర్లే, తొమ్మిదో వలయానిది 5.5 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక్కో పాయింటుకు కేంద్రం నుంచి దూరం 2.5 మిల్లీమీటర్లు, దశాంశ స్కోరులో 0.1కి 0.25 మిల్లీమీటర్లు అవుతుంది. ముందు, వెనుక సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లు అనుకుంటే, వెనుక సైట్ 0.1 మిల్లీమీటరు కదిలినా పది మీటర్ల దూరంలో దెబ్బ 1.25 మిల్లీమీటర్లు, అంటే అర పాయింటు, పక్కకు పోతుంది. ముఖం వత్తిడికో, రైఫిల్‌ను స్టాండ్ మీద పెట్టి తీసేటప్పుడు తగిలిన చిన్న దెబ్బకో బిగింపు సడలి అంత మాత్రం కదలడం అసాధ్యమేమీ కాదు.

అలాగని ప్రతి షాట్‌కూ తిప్పేవారు తమ స్కోరును తామే పాడుచేసుకుంటారు. సైట్ సరిగ్గానే ఉన్నప్పుడు కూడా షాట్లు సహజంగా అటూ ఇటూ చెదురుతాయి కదా. ఒక షాట్ 2 మిల్లీమీటర్లు కుడికి పడిందని సైట్‌ను అంత మేరా ఎడమకు తిప్పితే, తరువాతి షాట్‌లో దాని సొంత చెదురుకు పాత షాట్ చెదురు కూడా జతపడుతుంది. ఇలా ప్రతిసారీ చేస్తూ పోతే మొత్తం చెదురు 1.4 రెట్లు అవుతుందని గణితం చెబుతుంది. ఐదు షాట్ల నడిమి బిందువును చూసి ఒకేసారి సరిచేస్తే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. అందువల్ల ఎప్పుడు తిప్పాలన్నది ఎన్ని షాట్లు ఆధారంగా ఉన్నాయన్న దాన్నిబట్టి తేలాలి తప్ప, ధైర్యాన్నిబట్టో భయాన్నిబట్టో కాదు.

కర్పూరం మసి:
ఓపెన్ సైట్‌తో, అంటే వెనుక రంధ్రానికి బదులు గంటు ఉన్న సైట్‌తో, ఆరుబయట కాల్చేవారికి ఈ చర్చ వేరుగా ఉంటుంది. ఎడమనుంచి ఎండ పడితే ఫోర్‌సైట్ (ముందు సైట్) ఎడమ అంచు మెరుస్తుంది, కన్ను ఆ మెరిసే భాగాన్నే మొత్తం ఫోర్‌సైట్ అనుకొని గంటు మధ్యలో పెడుతుంది, దాంతో షాట్ వెలుగుకు దూరంగా కుడికి పోతుంది. దీనికి సైట్ తిప్పడం కంటే, కర్పూరం వెలిగించి ఆ మసిని ఫోర్‌సైట్‌కు పట్టించి మెరుపు పోగొట్టడమే మంచి మందు. మబ్బు కమ్మితే మళ్ళీ తిప్పుకోవాల్సిన బాధ కూడా ఉండదు.

విశాఖ షూటర్:
పై మూడు మాటలలోనూ నిజం ఉంది, కాని వరంగల్ నాన్నగారి ప్రశ్నకు కావలసింది క్రమం. అరవై షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు కనుక, తొందరపడకుండా రైఫిల్ దించడానికి సమయం ఉంటుంది. గ్రూప్ జరిగిందనిపించగానే అమ్మాయి రైఫిల్ కింద పెట్టి, పాదాలు తీసి మళ్ళీ వేసుకోవాలి. ఆపైన గురి పెట్టి, కళ్ళు మూసుకొని, ఊపిరి వదిలి కళ్ళు తెరవాలి. అప్పుడు లక్ష్యంలోని నల్లచుక్క ముందు సైట్ రింగు మధ్యలో లేకపోతే జరగవలసింది పాదాలే, సైట్ కాదు. అది సరిగ్గానే ఉంటే రైఫిల్ మీద చెంప ఆనే తీరు చూడాలి. అలసట వల్ల తల ముందుకు వాలితే కన్ను పీప్ రంధ్రానికి నడుమ కాకుండా ఒక పక్కనుంచి చూస్తుంది, అప్పుడు రింగులన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగినట్టే కనిపిస్తున్నా షాట్ పక్కకు పోతుంది. ఈ రెండూ సరిచూసుకున్నాక కూడా మూడు షాట్లు అదే చోట పడితే, నిరభ్యంతరంగా తిప్పవచ్చు. నేనైతే చూపించిన దూరంలో సగమే తిప్పి, మరో రెండు షాట్లు చూసి మిగతాది ఆలోచిస్తాను, ఎందుకంటే పోటీలో మళ్ళీ సైటర్లు ఉండవు.

"ఎన్నడూ ముట్టుకోవద్దు" అనేవారికి ఒక్క ఉదాహరణ చెబుతాను. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్‌కు ముందు సైటర్లలో తన పెల్లెట్ కేంద్రానికి ఎంతో దూరంగా పడిందని, సైట్లు కదిలి ఉన్నాయని గ్రహించి సరిచేసుకున్నానని అభినవ్ బింద్రా గారే తరువాత చెప్పారు. ఆ రోజు ఆయన 700.5 స్కోరుతో స్వర్ణం గెలిచారు. అంత పెద్ద తేడా నిలుపు వల్ల రాదు, అలాంటప్పుడు సందేహించడమే నష్టం.

పాత కేడెట్:
బింద్రా గారు తిప్పింది సైటర్లలో అన్న సంగతి మరువకండి. అక్కడ ప్రతి తిప్పుడు ఫలితాన్నీ ఉచితంగా చూసుకోవచ్చు, పోటీ షాట్లలో అలా కుదరదు. కొత్త షూటర్‌కు మూడు షాట్లు ఆధారంగా చాలవు, కనీసం ఐదు ఉండాలని నా పట్టుదల.

వరంగల్ నాన్న:
అందరికీ కృతజ్ఞతలు. ఐదు షాట్ల నియమంతో, నిలుపు పరీక్షతో సాధన చేయిస్తాను. ఒక చిన్న సందేహం మిగిలింది. ఆమె సైట్ మీది బాణం గుర్తు ఎటు తిప్పితే షాట్ ఎటు పోతుందో నాకు అర్థం కావడం లేదు.

విశాఖ షూటర్:
కొన్ని సైట్ల మీద గుర్తుకు "షాట్ కుడికి పడితే ఇటు తిప్పు" అని అర్థం, మరికొన్నింటి మీద "షాట్‌ను కుడికి పంపాలంటే ఇటు తిప్పు" అని అర్థం, కాబట్టి గుర్తును నమ్మకుండా సాధనలోనే తేల్చుకోండి. వెనుక సైట్ ఎటు జరిగితే షాట్ అటే జరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు. ఐదు షాట్లు కాల్పించి, నాబ్‌ను ఒకే దిశలో పది క్లిక్‌లు తిప్పించి, మళ్ళీ ఐదు కాల్పించండి. రెండు గ్రూపుల నడిమి బిందువుల మధ్య దూరాన్ని పదితో భాగిస్తే ఆ సైట్‌కు ఒక్కో క్లిక్ విలువ వస్తుంది. దాన్ని చిన్న చీటీ మీద రాసి రైఫిల్ పెట్టె మూతకు అంటించండి. పాత సైట్లలో మర వదులుగా ఉండి, వెనక్కి తిప్పినప్పుడు మొదటి క్లిక్ వృథాగా పోతుంది. అలాంటి సైట్ అయితే ఒక దిశను ఎంచుకొని, ఆ దిశలో నేరుగా తిప్పి, దానికి ఎదురు దిశలో తిప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం కావలసిన దానికంటే రెండు క్లిక్‌లు ఎక్కువ తిప్పి, మళ్ళీ రెండు వెనక్కి తెచ్చి, ఎప్పుడూ ఒకే దిశ నుంచి చివరి స్థానానికి చేర్చే అలవాటు చేయించండి.