చలికి లేవని స్కిడ్ స్టీర్ లోడర్: స్ప్రే కొట్టాలా, గ్లో ప్లగ్‌లు చూడాలా?

పత్తిమిల్లు_ఆదిలాబాద్:
మా జిన్నింగ్ మిల్లులో స్కిడ్ స్టీర్ (చిన్న లోడర్ బండి) ఉంది, నాలుగు సిలిండర్ల డీజిల్. చలి సింగిల్ డిజిట్‌లోకి దిగితే చాలు, పొద్దున లేవదు. సెల్ఫ్ కొడితే బాగానే తిరుగుతుంది, తెల్లపొగ వస్తుంది, కానీ అందుకోదు. మధ్యాహ్నమైతే ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. మెకానిక్ ఎయిర్ క్లీనర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టి లేపుతున్నాడు. అలా కొడితే ఇంజిన్ పోతుందని డ్రైవర్ గొడవ. ఎవరి మాట వినాలి?

క్వారీ_రాజన్న:
మెకానిక్ మాటే. మేం మా బండ్లన్నిటికీ స్ప్రే కొడతాం. అది లేనిరోజు పెట్రోల్ గుడ్డ పెట్టి లేపుతాం. ఏ పిస్టనూ పగల్లేదు. గేటు బయట లారీలు లైన్లో ఉంటే మీటర్ పట్టుకుని కూర్చుంటామా?

పంపు_నాజిల్:
రాజన్నా, మీ పెద్ద బండ్లలో చాలావాటికి గ్లో ప్లగ్‌లే (చలికి సిలిండర్ లోపల వేడిచేసే ప్లగ్‌లు) ఉండవు. ఈ చిన్న ఇంజిన్‌కు ఉంటాయి, తేడా అక్కడే. స్ప్రేలో ఉండే ఈథర్ 160 డిగ్రీల దగ్గరే అంటుకుంటుంది. ప్లగ్ కొన ఎర్రగా కాలి ఉంటే పిస్టన్ పైదాకా రాకముందే మండి దాన్ని వెనక్కి తంతుంది. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇక పత్తిమిల్లులో పెట్రోల్ గుడ్డ ఊసే ఎత్తకండి.

తెల్లపొగ వస్తోందంటే డీజిల్ లోపలికి వెళ్తోంది, మండటం లేదు. పొగే రాకపోతే డీజిల్ లైన్లో ఎయిరో, డీజిల్‌ను వదిలే సొలినాయిడో అనుకోవచ్చు. కాబట్టి ముందు ప్లగ్‌లే చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్లగ్‌లను కలిపే పట్టీ విప్పండి. టెస్ట్ ల్యాంప్ క్లిప్ బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టి, కొన ఒక్కో ప్లగ్ తలకు ఆనించండి. వెలగలేదంటే ఆ ప్లగ్ కాలిపోయినట్టే. అన్నిటికీ వెలిగితే కీ హీట్‌లో ఉంచి పట్టీకి కరెంట్ వస్తోందా చూడండి. రాకపోతే రిలేనో (ప్లగ్‌లకు కరెంట్ వదిలే స్విచ్), ఫ్యూజో.

హైడ్రాలిక్_బాబాయ్:
అంతా ప్లగ్‌ల మీదికే తోయకండి. స్కిడ్ స్టీర్‌కు క్లచ్ ఉండదు, సెల్ఫ్ కొడితే హైడ్రాలిక్ పంపులూ ఇంజిన్‌తో పాటే తిరగాలి. చలికి ఆయిల్ చిక్కబడితే ఆ బరువంతా సెల్ఫ్ మోటార్ మీదే. చెవితో విని "బాగానే తిరుగుతోంది" అంటే కుదరదు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మీద మీటర్ పెట్టండి, 9.6 వోల్టుల కిందికి పడితే బ్యాటరీ, ఎర్త్ కేబుల్ చూసుకోండి. ఆగ్జిలరీ హైడ్రాలిక్స్ (ముందు తగిలించే పనిముట్లకు ఆయిల్ పంపేది) ఆన్‌లో వదిలేశారేమో అదీ చూడండి.

క్వారీ_రాజన్న:
సరే, ప్లగ్‌లు పోయాయే అనుకుందాం. పోయిన ప్లగ్ వేడెక్కదు కదా, ఇక స్ప్రేకు భయమెందుకు?

పంపు_నాజిల్:
నాలుగూ పోయాయని ఎవరు చూశారు? రెండు బతికున్నా ఆ రెండు సిలిండర్లకు ముప్పే. రిలే పీకి కొడతానంటారేమో, అది పీకే టైమ్‌లో ల్యాంప్ పెట్టి చూడొచ్చు.

క్వారీ_రాజన్న:
రిలే పీకే కొడతా. లోడ్ పోయాక ల్యాంప్ సంగతి.

పత్తిమిల్లు_ఆదిలాబాద్:
ఇంటేక్ పైపు అడ్డమొస్తోంది, అది తీయించి పట్టీ విప్పిస్తున్నా. మా దగ్గర ఎల్‌ఈడీ టెస్టర్ ఉంది, సరిపోతుందా?

పంపు_నాజిల్:
వద్దండీ. సన్నగా కరెంట్ దాటినా ఎల్‌ఈడీ వెలిగి, పాడైన ప్లగ్‌నూ మంచిదనిపిస్తుంది. ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టుకోండి, చాలు.