బయోస్ అప్‌డేట్ తరువాత ల్యాప్‌టాప్ తెరుచుకోవడం లేదు, 48 అంకెల కీ అడుగుతోంది

ప్రశ్న: డీటీపీ దుకాణదారు, నరసరావుపేట

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు స్థానిక కవుల పుస్తకాలు కంపోజ్ చేస్తుంటాను. పనంతా పద్నాలుగు నెలల క్రితం కొన్న ఒకే ఒక్క ల్యాప్‌టాప్ మీద సాగుతుంది. అందులో ఉన్నది విండోస్ 11 హోమ్. మొన్న సోమవారం రాత్రి దుకాణం కట్టేసే వేళకు, ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన అప్‌డేట్ ప్రోగ్రామ్ బయోస్‌కు, అంటే విండోస్ కన్నా ముందు నడిచే మూల ప్రోగ్రామ్‌కు, కొత్త అప్‌డేట్ ఉందని చూపించింది. చార్జర్ తీయవద్దని చెప్పింది కాబట్టి తగిలించే ఉంచి, సరేనని నొక్కి ఇంటికి వెళ్లిపోయాను.

మంగళవారం ఉదయం వచ్చి చూసేసరికి నల్లటి తెర మీద తెల్లని అక్షరాలతో నాలుగైదు ఇంగ్లీషు వాక్యాలు ఉన్నాయి. వాటిలో టీపీఎం అన్న మాట, చివర వై నొక్కాలా ఎన్ నొక్కాలా అన్న ప్రశ్న మాత్రమే గుర్తున్నాయి. వై అంటే అవునని కదా, అప్‌డేట్ ముగించడానికి అనుమతి అడుగుతోందనుకుని వై నొక్కాను. వెంటనే మళ్లీ మొదలై, నీలి తెర వచ్చి, బిట్‌లాకర్ రికవరీ కీ ఇవ్వమని అడిగింది. అప్పటి నుంచి ఎన్నిసార్లు ఆపి తెరిచినా అదే తెర. నేను ఏనాడూ బిట్‌లాకర్ పెట్టుకోలేదు, ఆ పేరు వినడం కూడా ఇదే మొదటిసారి.

పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని చూశాను. ఫోన్‌లో నా మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి చూశాను, అందులో కీలేవీ లేవని వస్తోంది. మా వీధి చివర రిపేరు చేసే కుర్రవాడు ఫార్మాట్ కొట్టడం తప్ప దారి లేదని, సాయంత్రానికల్లా ఇచ్చేస్తానని అంటున్నాడు. కానీ రాబోయే పదిహేను రోజుల్లో ఇవ్వవలసిన ఏడు శుభలేఖలు, రెండు ప్రూఫులు దిద్దిన ఒక పద్యకావ్యం అందులోనే ఉన్నాయి. బయటి డిస్కులో ఉన్న నకలు రెండు నెలల నాటిది. ఫార్మాట్ కొట్టేలోపు ఫైళ్లు బయటికి తీసే మార్గం ఏదైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు: హార్డ్‌వేర్ రిపేరు, రాజమహేంద్రవరం

కింది మూత విప్పి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు ఉండే డిస్కు) బయటికి తీయించండి. ఐదారు వందలకు దొరికే కేసింగ్‌లో దానిని పెట్టి, వేరే కంప్యూటర్‌కు యూఎస్‌బీ ద్వారా కలిపితే ఫైళ్లు కనిపించాలి. విండోస్ చెడిపోయిన యంత్రాల నుంచి నేను రోజూ ఇలాగే డేటా తీసి ఇస్తున్నాను. ఫైళ్లు చేతికి వచ్చాక ఫార్మాట్ సంగతి నిదానంగా చూసుకోవచ్చు.

జవాబు: సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

పై సలహా విండోస్ చెడిపోయినప్పుడు సరైనదే కాని, ఇక్కడ పనికిరాదు. దుకాణదారు గారి యంత్రంలో విండోస్ చెడిపోలేదు, ఎస్‌ఎస్‌డీ కూడా చెడిపోలేదు. బిట్‌లాకర్ అనే విండోస్ తాళం ఎస్‌ఎస్‌డీ మీద ఉన్న సమాచారమంతా గుప్తీకరించి ఉంచింది కాబట్టి, దానిని ఏ కంప్యూటర్‌కు తగిలించినా అదే 48 అంకెల కీ అడుగుతుంది. ఫార్మాట్ మాత్రం అసలే వద్దు. ఇప్పుడు కీ దొరికితే అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. ఫార్మాట్ కొట్టిన తరువాత కీ దొరికినా ప్రయోజనం ఉండదు.

జరిగింది ఇదయి ఉంటుంది. మీ ప్రాసెసర్ లోపల టీపీఎం అనే చిన్న భద్రతా విభాగం ఉంటుంది. డిస్కు తాళం తీసే రహస్యాన్ని బిట్‌లాకర్ దానికి అప్పగిస్తుంది. యంత్రం తెరిచిన ప్రతిసారీ బయోస్, సెక్యూర్ బూట్ (నమ్మకమైన ప్రోగ్రాములనే మొదలవనిచ్చే రక్షణ) వంటివి నిన్న ఉన్నట్టే ఈరోజూ ఉన్నాయని టీపీఎం నిర్ధారించుకున్నాకే ఆ రహస్యాన్ని విడుదల చేస్తుంది. అందుకే మీకు ఇన్నాళ్లూ తాళం ఉన్న సంగతే తెలియలేదు. బయోస్‌ను మార్చే ముందు ఈ కాపలాను తాత్కాలికంగా నిలిపివేయాలి. చాలా అప్‌డేట్ ప్రోగ్రాములు ఆ పని తామే చేస్తాయి, కానీ ఆ నిలిపివేత సాధారణంగా ఒక్క రీస్టార్ట్‌కే పరిమితం. బయోస్ అప్‌డేట్ రెండు మూడు సార్లు రీస్టార్ట్ చేస్తే కాపలా మధ్యలోనే తిరిగి మొదలవుతుంది.

మీరు చూసిన నల్ల తెర సందేశం నాకు పరిచయమే. టీపీఎంలోని పాత నమోదులు కొత్త బయోస్‌కు పొసగడం లేదని, వై నొక్కితే వాటిని చెరిపివేస్తామని, బిట్‌లాకర్ ఉన్నట్లయితే రికవరీ కీ లేకుండా యంత్రం తెరుచుకోదని, ఎన్ నొక్కితే పాత నమోదులను ఉన్నవి ఉన్నట్టే ఉంచి ముందుకు వెళతామని దాని సారాంశం. తాళం పెట్టుకున్న సంగతే తెలియని మనిషిని, అదీ పొద్దున్నే, ఈ ప్రశ్న అడగడంలో న్యాయం లేదు. కాని వై నొక్కారు కాబట్టి టీపీఎం దగ్గరున్న రహస్యం పోయింది. బయోస్‌ను పాతదానికి మార్చినా అది తిరిగి రాదు. సెక్యూర్ బూట్‌ను ఎవరో పొరపాటున ఆపివేసి ఉంటే, తిరిగి ఆన్ చేయగానే కీ అడగడం మానేసే అవకాశం ఉంటుంది కాని, టీపీఎం చెరిగిపోయాక ఆ దారి కూడా ఉండదు.

ఇక మీరు పెట్టుకోని బిట్‌లాకర్ ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. 2024లో వచ్చిన 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ నుంచి, విండోస్ 11ను కొత్తగా స్థాపించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశిస్తే, హోమ్ కూర్పులో సైతం డివైస్ ఎన్‌క్రిప్షన్ (బిట్‌లాకర్‌కే సరళమైన రూపం) దానంతట అదే మొదలవుతుంది. అంతకు ముందు కూడా చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇది ఉండేది. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, స్థానిక ఖాతా ఒక్కటే ఉన్నంత కాలం తాళం పూర్తిగా బిగుసుకోదు. అడ్మినిస్ట్రేటర్ హోదాలో ఎవరైనా మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించాక, కీ ఆ ఖాతాలోకి చేరిన తరువాతే బిగుసుకుంటుంది. అంటే కీ ఎవరో ఒకరి ఖాతాలో ఉండే తీరాలి. అది మీ ఖాతాలో లేదంటే, కొన్న మొదటి రోజు ఎవరి ఈమెయిల్‌తో ఈ యంత్రాన్ని సిద్ధం చేశారో గుర్తు చేసుకోండి.

నీలి తెర మీద రెండు వివరాలు చూసి రాయండి. ఒకటి, రికవరీ కీ ఐడీలోని మొదటి ఎనిమిది అక్షరాలు. రెండు, మీది 24హెచ్2 లేదా ఆ తరువాతిదైతే, కీ ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో సూచిస్తూ ఈమెయిల్‌లో కొంత భాగం కనిపిస్తుంది. ఆ ఈమెయిల్‌ను ఇక్కడ రాయకండి, మీది అవునో కాదో చెబితే చాలు.

ప్రశ్న అడిగినవారు

మీరు చెప్పిన రెండూ తెర మీద ఉన్నాయి. ఇన్నాళ్లూ పెద్ద అక్షరాలే చదివి, కింద ఉన్న చిన్న అక్షరాలను వదిలేశాను. సగం దాచిన ఆ ఈమెయిల్ నాది కాదు, మా ఇంట్లో ఎవరిదీ కాదు. కొన్న రోజు షాపులో పనిచేసే అబ్బాయి పెట్టె విప్పి, తన ఫోన్‌లోని నెట్‌తో అరగంటలో అన్నీ చేసి ఇచ్చాడు. నా పేరుతో ఒక యూజర్‌ను పెట్టి పిన్ నన్నే ఎంచుకోమన్నాడు. ఈమెయిల్ అడిగిన గుర్తు నాకు లేదు. షాపుకు ఫోన్ చేస్తే అతను మానేసి ఎనిమిది నెలలయిందని, కంపెనీ సర్వీస్ కేంద్రానికి వెళ్లమని అన్నారు. సర్వీస్ కేంద్రం వారి దగ్గరో మైక్రోసాఫ్ట్ దగ్గరో ఈ కీ దొరుకుతుందా?

జవాబు: కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి, వరంగల్

సర్వీస్ కేంద్రం వారి దగ్గర కీ ఉండదు. వారు మదర్‌బోర్డు మార్చగలరు, విండోస్ తిరిగి వేయగలరు. మైక్రోసాఫ్ట్ సహాయ కేంద్రం వారు కూడా పోయిన కీని తీసి ఇవ్వలేరు, కొత్తది తయారు చేయలేరు. డబ్బు ఇస్తే బిట్‌లాకర్‌ను విప్పుతామని ప్రకటించే వారిని నమ్మకండి. కీ అంటే 128 బిట్ల సంఖ్య, ఊహించి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి మీరు వెతకవలసింది ఆ అబ్బాయినే. మా దగ్గర చేరే పిల్లల ల్యాప్‌టాప్‌లలో కూడా ఇదే చూస్తున్నాను. షాపులో సమయం వృథా కాకుండా ఒకే ఈమెయిల్‌తో వరుసగా పది యంత్రాలు సిద్ధం చేసేస్తారు. ఆ ఖాతా ఇంకా అతని చేతిలోనే ఉంటే పని పది నిమిషాలలో అవుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో రికవరీ కీల పేజీ తెరిస్తే, ప్రతి వరుసలో యంత్రం పేరు, కీ ఐడీ, కీ, దాచిన తేదీ ఉంటాయి. యంత్రాల పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టు ఉంటాయి కాబట్టి, మీ తెర మీది కీ ఐడీతో సరిపోల్చి మాత్రమే ఎంచుకోవాలి.

ఒక్క మాట. అతను ఖాతా పాస్‌వర్డ్ ఇస్తానన్నా తీసుకోకండి. అందులో మీలాంటి వారు మరెందరివో కీలు ఉంటాయి. మీ వరుస ఒక్కటే చదివి చెప్పమనండి.

ప్రశ్న అడిగినవారు

దొరికాడు. పాత బిల్లు వెనుక అతనే పెన్నుతో రాసి ఇచ్చిన నంబరు ఉంది, ఇప్పుడు చిలకలూరిపేటలో సెల్‌ఫోన్ల షాపులో ఉన్నాడు. పాపం, విషయం చెప్పగానే కంగారు పడ్డాడు. ఆ ఈమెయిల్ షాపు పని కోసమే తెరిచాడట, పాస్‌వర్డ్ గుర్తులేక తిరిగి మార్చుకోవడానికే గంట పట్టింది. తెరిచి చూస్తే ఒకే పేజీలో ముప్పైకి పైగా కీలు ఉన్నాయన్నాడు. కీ ఐడీ చదివితే పంతొమ్మిదో వరుసలో మాది తేలింది.

ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది సార్లు ఫోన్‌లో చదివాడు. మూడో గుంపు దగ్గర యంత్రం ఒప్పుకోలేదు. మళ్లీ చదివించుకుంటే నేను తొమ్మిది వేసిన చోట అది ఐదు. బజారు రొదలో అతని ఫైవ్ నాకు నైన్‌గా వినిపించింది. దిద్ది, మిగిలిన ఐదు గుంపులూ కొట్టాక విండోస్ తెరుచుకుంది. పిన్ మాత్రం పనిచేయలేదు, పాత పాస్‌వర్డ్ గుర్తుండబట్టి లోపలికి వెళ్లగలిగాను. ఫైళ్లన్నీ ఉన్నాయి. మొదట పద్యకావ్యం, తరువాత శుభలేఖలు బయటి డిస్కులోకి ఎక్కిస్తున్నాను. మూడో గుంపు తప్పని, మొత్తం పూర్తి కాకుండానే యంత్రానికి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. ఇప్పుడు నేను ఇంకా చేయవలసింది ఏమైనా ఉందా?

జవాబు: సిస్టమ్ అడ్మిన్, హైదరాబాద్

చాలా సంతోషం. మీ సందేహానికి సమాధానం లెక్కలో ఉంది. ఎనిమిది గుంపులలో ప్రతిదీ 11తో నిశ్శేషంగా భాగింపబడుతుంది, ఏదీ 720885కు మించదు. ఉదాహరణకు 253473ను 11తో భాగిస్తే సరిగ్గా 23043 వస్తుంది. అందులోని 5ను 9గా విని 293473 అని కొడితే శేషం 4 మిగులుతుంది, యంత్రం అక్కడే ఆపుతుంది. ఏ ఒక్క అంకె తప్పినా ఇలాగే పట్టుబడుతుంది. 2024 జులై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నీలి తెరలతో ఆగిపోయిన రోజు, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం అవి 85 లక్షలు, వాటిని బాగుచేయడానికి మేము కూడా రాత్రి దాకా ఫోన్లలో ఈ కీలు చదువుతూనే ఉన్నాము. ఈ 11 లెక్క లేకపోయి ఉంటే తెల్లవారేది. కీబోర్డులో ఏదైనా అంకె మీట పనిచేయని వారికి మరొక సంగతి: ఆ తెర మీద ఎఫ్1 నుంచి ఎఫ్9 వరకు మీటలను 1 నుంచి 9గాను, ఎఫ్10ను సున్నాగాను వాడుకోవచ్చు.

టీపీఎం చెరిగిపోయినప్పుడు పిన్ కూడా పోతుంది, సెట్టింగ్స్‌లో కొత్తది పెట్టుకోండి. అంతకన్నా ముఖ్యమైనది, మీ డిస్కు కీ ఇప్పటికీ వేరొకరి ఖాతాలో ఉంది. ఫైళ్ల నకలు పూర్తయ్యాక మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి, సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఉన్న డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆఫ్ చేయండి. డిస్కు పూర్తిగా విప్పుకోవడానికి చాలాసేపు పట్టవచ్చు, చార్జర్ తీయకండి. అది ముగిశాక తిరిగి ఆన్ చేస్తే కొత్త కీ తయారై మీ ఖాతాలోకి చేరుతుంది, పాత కీ ఇక ఈ డిస్కును తెరవలేదు. తాళమే వద్దనుకుంటే ఆఫ్‌లోనే ఉంచుకోవచ్చు, కాని ల్యాప్‌టాప్‌ను బస్సులలో తీసుకువెళ్లేవారైతే ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇకపై బయోస్ అప్‌డేట్ కనిపిస్తే, కీ చేతిలో ఉందని చూసుకున్నాకే సరేనని నొక్కండి, అదీ శుభలేఖలు అచ్చుకు వెళ్లిపోయాక.

ప్రశ్న అడిగినవారు

చెప్పినట్టే చేశాను. తాళం విప్పుకోవడానికి గంటన్నర పట్టింది. తిరిగి ఆన్ చేసి, ఫోన్‌లో నా ఖాతా తెరిచి చూస్తే ఈసారి కీ కనిపించింది. చిలకలూరిపేట అబ్బాయి తన పేజీలో మా పాత వరుసను తీసివేశాడు, మిగిలిన వారి ఫోన్ నంబర్లు షాపులో అడిగి ఒక్కొక్కరికీ చెబుతానన్నాడు. కొత్త కీని దుకాణం చిట్టా పుస్తకం చివరి పేజీలో ఎనిమిది వరుసలుగా రాసుకున్నాను. ఒక్కో వరుసనూ కాలిక్యులేటర్‌లో 11తో భాగించి చూశాను. ఐదో వరుసలో శేషం వచ్చింది, నేనే 1ని 7గా రాశాను. దిద్దాను.