నడిచి వెళ్లగల పేటలు తగ్గిపోవడానికి కారణం చట్టమా, మన ఇష్టమా?

కంటోన్మెంట్ వాసి:
అమెరికాలో కారు లేనిదే రోజు గడవకపోవడానికి, ఏ ప్రాంతాన్ని దేనికి వాడాలో నిర్ణయించే జోనింగ్ చట్టాలే కారణమంటారు. ఇళ్లున్న చోట వ్యాపారాన్ని నిషేధించే అధికారం స్థానిక సంస్థలకు ఉందని 1926లో యూక్లిడ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. విజయనగరంలో అంతటి కట్టడి ఎవరూ చేయలేదు. అయినా ఊరి చివర లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్నవారు పాల ప్యాకెట్టు కోసం కూడా బండి తీస్తున్నారు. సొంత ఇంటిపై మన మమకారమే దీనికి మూలం కాదా?

గంటస్తంభం వీధి:
మీ ప్రశ్న సరైనదే గానీ, సొంత ఇల్లు కోరుకోవడం వేరు, అంగడికి దూరంగా ఉండాలని కోరుకోవడం వేరు. మా పాత వీధుల్లో కింద కొట్టు, పైన కాపురం ఉన్నవి సొంత ఇళ్లే. కూరగాయలకూ మందులకూ నడిచే వెళ్తాం. జపాన్‌లో అతి కఠినమైన నివాస జోనులోనూ ఇంట్లో చిన్న దుకాణం పెట్టుకోవచ్చు.

అమెరికాలోని హ్యూస్టన్ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. వాడకాన్ని బట్టి ప్రాంతాలను విభజించే జోనింగ్ ఆ నగరంలో లేదు. అయినా కనీస స్థలం 5,000 చదరపు అడుగులు ఉండాలన్న నియమం, ప్రతి భవనానికీ ఇంత పార్కింగ్ అన్న లెక్క కలిసి ఊరిని పలుచగా పరిచేశాయి. 1998లో నగరం నడిబొడ్డున ఆ కనీసాన్ని 1,400కు, అంటే మనకు బాగా తెలిసిన సుమారు 155 గజాలకు తగ్గించగానే, పక్కపక్కనే ఇరుకు స్థలాల్లో వేల ఇళ్లు లేచాయి. జనం ఇష్టం రాత్రికి రాత్రి మారలేదు, అప్పటిదాకా అలాంటి ఇల్లు కట్టే వీలే లేదు.

అరసవల్లి రోడ్డు:
శ్రీకాకుళంలో మావాళ్లు ఊరవతల కొన్నది దూరం మీద ఇష్టంతో కాదండి, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర గజం ధర అందకపోవడం వల్ల. పక్కింట్లో కొట్టు పెడితే రద్దీ, చెత్త వస్తాయన్న భయం కూడా ఉంది, దాన్ని తీసిపారేయలేం.

గంటస్తంభం వీధి:
ఆ భయం న్యాయమైనదే, అందుకే కొట్టు ఎంత ఉండాలో, ఎన్ని గంటలు తెరవాలో హద్దు పెట్టాలి. ధర తరిమితే వెళ్లినదాన్ని ఇష్టం అనలేం. మన 2017 లేఅవుట్ నిబంధనలు 12 మీటర్ల రోడ్డు, 10 శాతం ఖాళీ స్థలం కోరాయి. మూల స్థలంలో దుకాణాన్ని, పక్క లేఅవుట్‌లోకి నడకదారిని కూడా అలాగే తప్పనిసరి చేయవచ్చు. రెండు లేఅవుట్ల మధ్య ప్రహరీ కట్టేస్తే, గోడ అవతలి కొట్టుకు మెయిన్ రోడ్డు చుట్టి రావాల్సి వస్తుంది. బండి తీయించేది ఆ చుట్టుదారే.